డొక్కలో పోటు

కోనసీమలో పోటు అన్న మాటకి రెండు అర్థాలు. సముద్రం ఎగదన్నినప్పుడు గోదావరి పాయల్లోకి వెనక్కెక్కే నీళ్ళు ఒకటి. ఒంట్లో ఉన్నట్టుండి పొడిచినట్టు లేచే నొప్పి రెండోది. మొదటి పోటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు తీస్తుందో వేటకెళ్ళేవాళ్ళు అమావాస్యా పున్నమీ చూసుకుని చెప్పేస్తారు. రెండోదానికి అలాంటి లెక్క ఉండొచ్చని ఎవరికీ తోచదు. అది డొక్కలో వచ్చిందంటే మాత్రం దానికి పేరు ముందే సిద్ధంగా ఉంటుంది. రాయి.

రాయి మా వైపు చుట్టంలాంటిది. ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరి దగ్గరికి వచ్చి వెళ్ళే ఉంటుంది. మందులు కూడా అందరికీ నోటికొచ్చు: అరటి దూట రసం, ఉలవకట్టు, కొండపిండాకు కషాయం. కొండని పిండి చేస్తానని పేరులోనే ధీమా చూపించే ఆకు అది. రాయి కథకి ఒక మొదలూ ఒక చివరా ఉంటాయి. వచ్చింది, ప్రాణం తోడేసింది, పడిపోయింది. "పడిపోయింది" అన్నాక ఇంక అడగడానికేం ఉండదు. మా అక్కకి ఎడమ డొక్కలో పోటు మొదలైనప్పుడు అందరూ ఈ కథే తెచ్చి చేతిలో పెట్టారు. దగ్గర్లోని టౌన్‌లో స్కాన్ తీయిస్తే ఎడమ కిడ్నీలో 4 మిల్లీమీటర్ల రాయి ఉందన్నారు. నిజంగానే ఉంది. కాకపోతే నొప్పి దానిది కాదు.

అక్కని రాజోలు వైపు ఇచ్చారు. బావగారికి కొంచెం వరి, కొంచెం కొబ్బరి. ఇద్దరు పిల్లలు. అక్క ఊళ్ళోనే ఒక ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతికి లెక్కలు చెబుతుంది. సెలవు పెడితే జీతం కోస్తారు కాబట్టి నొప్పి ఎంత ఉన్నా ముందు స్కూలుకి వెళ్ళి, తర్వాత పడుకోవడం ఆవిడ అలవాటు. నేను హైదరాబాదులో ఉంటాను. ఆవిడ నొప్పి గురించి నాకు తెలిసిందంతా ఫోన్లో తెలిసిందే.

ఫోన్లో నాకు రెండు నొప్పులు వినపడేవి. ఒకటి నెలసరి నొప్పి. రెండో కాన్పు అయిన కొన్నాళ్ళకి మొదలై ఏడాదికేడాదికి పెరిగింది. అది అమ్మ శాఖ. "నొప్పి లేని ఆడదెవరే?" అని అమ్మ, వాము నీళ్ళు, వేణ్ణీళ్ళ కాపడం. రెండోది డొక్క నొప్పి. అది బావగారి శాఖ. బండి మీద ఎక్కించుకుని తీసుకెళ్ళడం, స్కాన్, రిపోర్టు, మాత్రలు. ఆ గదిలో డాక్టరుగారు మంట ఉందా, జ్వరం వస్తోందా, నీళ్ళు ఎన్ని తాగుతున్నావని అడిగారట. నెలసరి మాట ఆయన ఎత్తలేదు, పక్కన భర్త కూర్చుని ఉండగా అక్క ఎత్తలేదు. రెండు నొప్పులూ ఒకే ఒంట్లో ఉంటున్నా, ఒకదాని సంగతి ఒకదానికి చెప్పేవాళ్ళు లేరు.

నెలసరి నొప్పికి మా ప్రాంతంలో ఒక వయసు దాటాక ఇంకో మందు ఉంది. "పిల్లలు పుట్టేశారుగా, గర్భసంచి తీయించేసుకో." ఈ సలహా ఇచ్చేవాళ్ళలో డాక్టర్ల కంటే ముందు తోడికోడళ్ళు, పక్కింటి పిన్నిగార్లు ఉంటారు. ఇది నేను మా ఊరిని చూసి అంటున్న మాట మాత్రమే కాదు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలో అందరికంటే ఎక్కువ మనదే. అక్కకి అప్పటికి 34 ఏళ్ళు. వేసవి సెలవుల్లో ఆపరేషన్ అని నిర్ణయం కూడా అయిపోయింది.

రాజమండ్రిలో ఆపరేషన్‌కి ముందు మామూలుగా చేసే పరీక్షల్లో మళ్ళీ స్కాన్ తీశారు. ఈసారి ఎడమ కిడ్నీ ఉబ్బి ఉంది. దాని నుంచి కిందికి దిగే మూత్రనాళం కూడా చాలా దూరం వరకూ ఉబ్బి, కింద ఎక్కడో సన్నబడి కనపడకుండా పోయింది. రాయి మాత్రం పైన కిడ్నీలో తన చోట తను కూర్చునుంది. అడ్డం ఒకచోట ఉంది, రాయి ఇంకోచోట ఉంది. గైనకాలజిస్టు అక్కని ఒక్కదాన్నే కూర్చోబెట్టి అడిగిన ప్రశ్న చాలా చిన్నది.

"డొక్కలో నొప్పి ఎప్పుడెప్పుడు వస్తుందమ్మా?"

అక్క జ్ఞాపకం మీద చెప్పలేకపోయింది. కానీ ఇంట్లో వంటింటి గోడకి వెంకట్రామా క్యాలెండర్ ఉంది. అందులో పాల లెక్క, గ్యాసు వచ్చిన తేదీ, చాకలి పద్దుతో పాటు నెలసరి మొదలైన రోజుకి అక్క ఒక చుక్క పెట్టుకుంటుంది. పూజలకీ వ్రతాలకీ ముందే లెక్క చూసుకోవాలి కదా. సెలవు పెట్టి జీతం పోగొట్టుకున్న రోజుకి ఇంటూ మార్కు. అక్క పెద్దకూతురు ఆ పేజీలన్నీ ఫోటోలు తీసి పంపించింది. చుక్కకి ఒకటి రెండు రోజుల ముందో, ఆ మర్నాడో ఇంటూ మార్కు. ఏప్రిల్, మే, జూన్, జులై, ప్రతి నెలా అదే వరస. దసరా దగ్గర్నుంచి చుక్కలున్నాయి గానీ ఇంటూ మార్కులు లేవు.

"ఈ మధ్య తగ్గిందండి. అరటి దూట రసం పనిచేసింది" అంది అక్క. ఆ మాట వినగానే డాక్టరుగారి ముఖం మారిపోయిందట.

ఇక్కడ ఆ నాళం గురించి కొంచెం చెప్పాలి. ఐదో తరగతి బొమ్మల్లో రెండు చిక్కుడు గింజల్లాంటి కిడ్నీల నుంచి రెండు గీతలు దిగి సంచిలో కలుస్తాయి. ఆ గీత పొడవు 25 నుంచి 30 సెంటీమీటర్లు, లోపలి దారి 3, 4 మిల్లీమీటర్లు. అది ఊరికే జారుడు గొట్టం కాదు. దాని గోడ కండరం. నిమిషానికి కొన్నిసార్లు పైనుంచి కిందికి అల నడిపించి మూత్రాన్ని తోస్తుంది. అందుకే మనం పడుకున్నా పని ఆగదు. దారిలో అడ్డం వస్తే ఆ గోడ సాగుతుంది, పైన కిడ్నీ పొర సాగుతుంది. ఆ సాగడమే పోటు. అడ్డం హఠాత్తుగా వస్తే పోటు భయంకరంగా ఉంటుంది. రాయి జారి ఇరుక్కున్నప్పుడు జరిగేది అదే. అడ్డం నెమ్మదిగా, నెలల తరబడి బిగుసుకుంటూ వస్తే కిడ్నీ ఆ ఒత్తిడికి అలవాటు పడుతుంది. దాని పని తగ్గుతుంది, మూత్రం తయారవడం తగ్గుతుంది, ఒత్తిడీ తగ్గుతుంది. నొప్పి కూడా తగ్గుతుంది. అక్క క్యాలెండర్లో ఇంటూ మార్కులు లేని నెలలు బాగుపడిన నెలలు కావు. ఎడమ కిడ్నీ చప్పుడు లేకుండా ఆరిపోతున్న నెలలు.

మరి రక్తపరీక్ష ఏం చెప్పింది? క్రియాటినిన్ మామూలుగానే ఉంది. దాన్ని చూసే మేమంతా ధైర్యంగా ఉన్నాం. క్రియాటినిన్ మన కండరాల్లోని క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ విరగ్గా మిగిలే చెత్త. కిడ్నీలు దాన్ని బయటికి పంపిస్తాయి. ఆ ఫాస్ఫోక్రియాటిన్‌ని 1927లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కనిపెట్టినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మా గోదావరి వాళ్ళు గర్వంగా చెప్పుకునే పేరు. కానీ ఆ చెత్త లెక్క రెండు కిడ్నీలకీ కలిపి ఒకటే. ఒకటి పడుకుంటే రెండోది ఆ పని కూడా తనే చేసేస్తుంది, అంకె మారదు. ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోందో విడివిడిగా తెలియాలంటే న్యూక్లియర్ స్కాన్ కావాలి. దానికోసం విశాఖపట్నం వెళ్ళారు. మొత్తం పనిలో అక్క ఎడమ కిడ్నీ వాటా 17 శాతం అని వచ్చింది. సగానికి అటూ ఇటూ ఉండాల్సింది.

ఎం.ఆర్.ఐ. తర్వాత పేరు దొరికింది. ఎండోమెట్రియోసిస్. గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం సంచి బయట ఎక్కడెక్కడో మొలిచి, నెలనెలా హార్మోన్లకి స్పందించి, ఉబ్బి, రక్తమోడి, మానుతూ మచ్చ కడుతూ పోయే జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పిల్లల్ని కనే వయసు స్త్రీలలో సుమారు 10 శాతం మందికి, అంటే 19 కోట్ల మందికి ఇది ఉంది. ఇంత మందికి ఉన్నది అరుదు కాదు. అరుదైనది అక్క విషయంలో అది పట్టుకున్న చోటు. ఈ జబ్బున్నవాళ్ళలో నూటికి ఒకరికి అటూ ఇటుగా అది మూత్ర వ్యవస్థని చేరుతుంది. అందులోనూ మూత్రాశయానికే ఎక్కువ, నాళానికి తక్కువ. నాళానికి పట్టినప్పుడు ఎక్కువగా ఎడమవైపు, కింది భాగంలో. చాలామందిలో అది నాళం బయట చుట్టుకుని నొక్కుతుంది, కొద్దిమందిలో గోడలోకే చొచ్చుకుపోతుంది. మూత్రంలో రక్తం పడటం లాంటి గుర్తులు కొందరికే ఉంటాయి.

ఈ జబ్బుకి పేరు పెట్టినది అమెరికా వైద్యుడు జాన్ శాంప్సన్, 1920లలో. నెలసరి రక్తం కొంత వెనక్కి, ఫెలోపియన్ నాళాల గుండా పొత్తికడుపులోకి వెళ్ళి అక్కడ నాటుకుంటుందని 1927లో ఆయన వాదించాడు. ఆ వాదన అన్నిటినీ వివరించలేదు గానీ ఇప్పటికీ బతికే ఉంది. అంతకు చాలా ముందు, కుర్ర సర్జన్‌గా ఉన్నప్పుడు, ఆయన పనిచేసింది గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్లో మూత్రనాళం ఎలా చిక్కుకుంటుందన్న విషయం మీద. గర్భసంచీ మూత్రనాళమూ ఇరుగుపొరుగని ఆయనకి బాగా తెలుసు. మాకు మాత్రం అవి రెండు వేరే ఊళ్ళు. ఒకటి ఆడవాళ్ళ డాక్టరుది, ఇంకోటి కిడ్నీ డాక్టరుది.

ఆ పొరుగు ఎంత దగ్గరో డాక్టరుగారు కాగితం మీద గీసి చూపించారట. గర్భసంచికి వెళ్ళే రక్తనాళం కింద నుంచి మూత్రనాళం దాటుతుంది. వైద్య విద్యార్థులు దీన్ని వంతెన కింద నీళ్ళు అని గుర్తుపెట్టుకుంటారు. బావగారు వెంటనే పి.గన్నవరం అక్విడక్టు పేరెత్తారు. అక్కడ వైనతేయ పాయ మీదుగా కాలువని దాటించారు, కింద గోదావరి, పైన సాగునీరు. గర్భసంచి తీసేటప్పుడు సర్జన్ కట్టు వేసేది ఈ దాటే చోటికి అతి దగ్గర్లోనే.

నన్ను ఇప్పటికీ వదలని విషయం ఇది. వేసవి సెలవుల్లో అనుకున్న ఆపరేషన్ ఆ స్కాన్ లేకుండా జరిగిపోయి ఉంటే? నెలసరి ఆగేది. దానితోపాటు చుక్కలూ ఆగేవి. నాళం చుట్టూ బిగిసిన మచ్చ అలాగే ఉండేది, ఎందుకంటే మచ్చ కట్టిన చోటు గర్భసంచి తీసినంత మాత్రాన విప్పుకోదు. నెలనెలా కాస్తో కూస్తో సంకేతం ఇచ్చే ఒక్క లెక్క కూడా లేకుండా కిడ్నీ పోయేది. అందరూ "చూశావా, తీయించేసుకున్నాక ఎంత హాయిగా ఉందో" అనుకుంటూ ఉండేవారు. అక్క కూడా.

బావగారికి ఈ జబ్బు మా అందరికంటే ముందు అర్థమైంది. "పంటకాలవ సంగతి కాదండి ఇది, మురుగుకాలవ సంగతి" అన్నారు నాతో ఫోన్లో. "కింద గుర్రపుడెక్క అడ్డం పడిందంటే పైన చేలు మునగవేంటండీ?" మా వైపు లోపలికొచ్చే నీళ్ళకి ఉన్న కీర్తి బయటికెళ్ళే నీళ్ళకి లేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన కాటన్ దొర విగ్రహం ఊరూరా ఉంటుంది. డ్రెయిన్లో పూడిక తీయించినవాడికి దండ వేసిన ఊరు లేదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కష్టాల్లో మురుగు పారుదల ఒకటి. బావగారు కూడా ఆ ఏడాది సార్వా వెయ్యలేదు.

ఆ పోలిక చాలా దూరం నడుస్తుంది, ఒక చోట ఆగిపోతుంది. చేను మునిగితే రోడ్డు మీద పోయేవాడికి కూడా కనిపిస్తుంది. నీళ్ళు తీసేస్తే వచ్చే పంటకి అదే చేను పనికొస్తుంది. కిడ్నీ మునిగింది ఎవరికీ కనపడదు. నీళ్ళు తీసినా చచ్చిన భాగం మళ్ళీ మొలవదు.

అందుకే హైదరాబాదులో ఆపరేషన్‌కి ముందు ఒక తేల్చుకోవాల్సిన విషయం వచ్చింది. ఆ కిడ్నీని ఉంచాలా, తీసెయ్యాలా? బాగా ఎండిపోయిన కిడ్నీని కొన్నిసార్లు తీసేస్తారు. 17 శాతం అంటే తీసెయ్యడానికి ఎక్కువ, నమ్ముకోవడానికి తక్కువ. ముందు వీపులోంచి సన్నటి గొట్టం వేసి కిడ్నీలో నిలిచిన మూత్రాన్ని బయటికి తీసి, కొన్ని వారాలు చూశారు. రోజూ సంచిలో ఎన్ని మిల్లీలీటర్లు పడిందో అక్క నోట్‌బుక్‌లో రాసింది. లెక్కల టీచరు కదా, గ్రాఫు కూడా గీసింది. గీత మెల్లగా పైకి వెళ్ళింది. ఉంచుదామన్నారు.

గైనకాలజిస్టూ యూరాలజిస్టూ కలిసి ఒకే బల్ల దగ్గర నిలబడి చేసిన ఆపరేషన్ అది. సన్నబడిన ముక్కని కోసి తీసేసి, మిగిలిన నాళాన్ని మూత్రాశయంలో కొత్త చోట కలిపి కుట్టారు. కుట్టు మానేదాకా లోపల డి.జె. స్టెంట్ పెట్టారు. రెండు చివర్లా కొక్కెంలా వంకరగా ఉండే మెత్తటి గొట్టం అది, జారిపోకుండా పైనా కిందా పట్టుకుని ఉంటుంది. అది ఉన్నన్నాళ్ళూ మంట, అరగంటకోసారి బాత్రూం. గర్భసంచిని ముట్టుకోలేదు. కోసిన ముక్కని ప్రయోగశాలకి పంపితే ఎండోమెట్రియోసిస్ అనే వచ్చింది. ఆ కాగితం వచ్చేదాకా ఇంకో భయం ఉండేది. సన్నబడిన నాళంలో టి.బి. ఉండొచ్చు, మామూలు పాలిప్ ఉండొచ్చు, క్యాన్సరూ ఉండొచ్చు. బయటినుంచి చూసి ఎవరూ ప్రమాణం చెయ్యలేరు. ఆరు నెలల తర్వాత స్కాన్‌లో ఎడమ కిడ్నీ వాటా 22 శాతం. "పోయింది రాదమ్మా, ఉన్నదాన్ని కాపాడుకుందాం" అన్నారు డాక్టరుగారు.

ఇదంతా చదివి ప్రతి డొక్క నొప్పికీ భయపడాలని కాదు. డొక్కలో పోటుకి రాళ్ళే చాలా ఎక్కువ కారణం. ఈ నాళం జబ్బులు అరుదు. కానీ రాయి దొరికింది కదా అని ప్రశ్న ఆపెయ్యకూడదు. రాయి ఉన్న చోటూ నాళం ఉబ్బిన చోటూ ఒకటేనా? రాయి పడిపోయిందంటున్నారు, పడినట్టు స్కాన్ చూశారా? నొప్పి తగ్గాక కిడ్నీ వాపు కూడా తగ్గిందా? ఆడవాళ్ళకైతే, నొప్పి తేదీల పక్కన నెలసరి తేదీలు పెట్టి చూశారా? ఇవి పెద్ద చదువు అక్కర్లేని ప్రశ్నలు. ఒక క్యాలెండరూ, పక్కన ఎవరున్నా ఆ మాట ఎత్తగలిగే వీలూ ఉంటే చాలు. రెండోదే మాకు ఎక్కువ కష్టమైంది.

ఇప్పటికీ కష్టమే. ఊళ్ళో అందరికీ అక్కది "రాయి ఆపరేషన్". "రాయి తీశారా?" అని అడిగితే "ఆయ్, తీశారండి" అంటుంది. నాకు మొదట కోపం వచ్చింది. ఇంత జరిగాక కూడా అదే అబద్ధం మాటా? "మామయ్యగారితో నా నెలసరి కథ చెప్పమంటావా? వాళ్ళకి రాయి చాల్లే" అంది. ఒక్కొక్కరికీ విడమర్చి చెప్పే ఓపిక ఆవిడకి లేదు, ఉండాలని నేను అడగలేను. హార్మోన్ మాత్ర రోజూ వేసుకుంటోంది. అది గర్భం రాకుండా వేసుకునేదని అత్తగారు అనుకుంటున్నారు, అనుకోనిచ్చింది.

అందరికంటే పెద్ద గొడవ ఆరు నెలలకోసారి స్కాన్ దగ్గర వస్తుంది. ఎక్కడా నొప్పి లేదు, పనులన్నీ చేసుకుంటోంది, మరి రానూపోనూ ఖర్చులు పెట్టుకుని రాజమండ్రి ఎందుకని అమ్మ. నొప్పి లేనప్పుడే వెళ్ళాలన్న మాట అమ్మకి ఎంత చెప్పినా ఎక్కదు. బావగారు వాదించరు. తేదీ దగ్గర పడగానే బండిలో పెట్రోలు పోయించి గుమ్మం ముందు పెడతారు.

మొన్న ఫోన్లో అక్క వేరే ఎవరి గురించో చెబుతోంది. స్టాఫ్ రూంలో కొత్తగా వచ్చిన తెలుగు టీచరు, పాతికేళ్ళ పిల్ల, ఎడమ డొక్క పట్టుకుని కూర్చుందట. రాయేమో, దూట రసం తాగమని పక్కనున్నవాళ్ళు చెబుతున్నారట.

"నువ్వేం చెప్పావు?" అన్నాను.

"నేనేం చెప్పలేదు. తేదీ అడిగాను."